తాకరాని గూడు, ఆదుకోవలసిన రెక్క

విశాఖపట్నం ఓడరేవు ముఖద్వారం పక్కన మూడు చిన్న కొండలు వరుసగా ఉన్నాయి. ఒకదానిపై వేంకటేశ్వరస్వామి ఆలయం, మరొకదానిపై చర్చి, మూడవదానిపై దర్గా. అస్ర్ నమాజు ముగిసిన తరువాత దర్గా కొండ మెట్లపై కాసేపు కూర్చునే అలవాటు మా కుటుంబానికి చాలాకాలంగా ఉన్నది. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ, దిగువన ఓడలు వచ్చిపోయే కాలువ, ఆ కాలువ మీద రెక్కలాడించకుండా గుండ్రంగా తిరిగే గద్దలు. తలెత్తి పక్షుల రెక్కల వైపు చూడమని అల్ ముల్క్ సూరా మనకు గుర్తుచేస్తుంది. ఆ పిలుపు అందుకోవడానికి విశాఖవాసులు అడవులకు పోనక్కరలేదు. మేడ ఎక్కితే చాలు.

అయితే చూడడం వేరు, ఆదుకోవడం వేరు. ఎప్పుడు చూస్తూ ఊరుకోవాలో, ఎప్పుడు చెయ్యి చాపాలో, చాపితే ఎలా చాపాలో తెలియక మేము ఒక ప్రాణిని పోగొట్టుకున్నాము. ఈ వ్యాసం ఆ తప్పు నుండే మొదలవుతున్నది.

వేపచెట్టుకు వేలాడిన గద్ద

గత ఏడాది సంక్రాంతి వెళ్ళిన మూడవ నాడు మా వీధి చివరి వేపచెట్టుకు ఒక నల్లగద్ద తలకిందులుగా వేలాడుతూ కనిపించింది. తెగిపోయిన గాలిపటపు మాంజా దాని కుడి రెక్కకు చుట్టుకొని కొమ్మకు చిక్కుకున్నది. విడిపించుకోవాలని అది కొట్టుకున్నకొద్దీ దారం మరింత బిగుసుకున్నది. పిల్లలు పరుగున వచ్చి చెప్పారు. పక్కింటి యువకుడు నిచ్చెన వేసి దానిని దింపాడు. రెక్క మడతలో చర్మం తెగి దారం కండ దాకా దిగి ఉన్నది.

ఇంటిల్లిపాదిమీ జాలితో దాని చుట్టూ చేరాము. దారాన్ని పట్టి లాగాము. గాయానికి పసుపు అద్దాము. ముక్కు తెరిచి చెంచాతో నీళ్ళు పోశాము. పాలలో నానబెట్టిన రొట్టె ముక్కలు నోటికి అందించాము. పిల్లలు దాని వీపు నిమురుతూ కూర్చున్నారు. మా దాదీ ఆయతుల్ కుర్సీ చదివి ఊదారు. ఇషా తరువాత అది కళ్ళు మూసుకున్నది. ఫజ్ర్‌కు లేచి చూసేసరికి ప్రాణం లేదు.

“మనమే చంపామా అమ్మీ?” అని మా చిన్నమ్మాయి అడిగింది.

లేదమ్మా అని వెంటనే జవాబు చెప్పాము గాని, ఆ జవాబుపై మాకే నమ్మకం కలగలేదు. తరువాత పశువైద్యులను అడిగితే అసలు సంగతి తెలిసింది. పక్షికి శ్వాసనాళపు ద్వారం నాలుక మొదట్లోనే ఉంటుంది. మనం బలవంతంగా పోసిన నీరు కడుపులోకి కాక ఊపిరితిత్తులలోకి పోవచ్చు. పాలు, రొట్టె మాంసాహార పక్షికి సరిపడవు. దారాన్ని లాగినప్పుడు అది రంపంలా మరింత లోతుగా కోస్తుంది. అన్నింటికంటె మమ్మల్ని కలచివేసిన మాట మరొకటి ఉన్నది. అడవి పక్షికి మన నిమురుడు ప్రేమగా తోచదు. తనను తినబోయే మృగాల చేతికి చిక్కానని అది వణికిపోతుంది. ఆ భయం ఒక్కటే చాలు, నీరసించిన ప్రాణం పోవడానికి.

మా జాలి నిజమైనదే. కాని తెలివి తోడు లేని జాలి ఆ రాత్రి ఆ పక్షికి మరొక గాయమయింది.

మన నెత్తిన తిరిగే పొరుగువారు

ఆ తరువాతనే మా నగరపు ఆకాశాన్ని శ్రద్ధగా చూడడం నేర్చుకున్నాము. గద్ద, డేగ అన్న మాటలు తెలుగువారికి ఎంత పాతవో చెప్పనక్కరలేదు. వేటాడే డేగను పూర్వం సాళువ అనేవారు. విజయనగరాన్ని ఏలిన సాళువ వంశానికి ఆ పేరు అలా వచ్చినదే. విశాఖలోని నౌకాదళ వైమానిక స్థావరం పేరు ఐఎన్ఎస్ డేగ. అన్నింటికంటె వేగంగా దూకే డేగను తెలుగులో బైరి అంటారు. ఉర్దూలోని బహ్రీ దానికి తోబుట్టువు. పైనుంచి వేట మీదికి దూకేటప్పుడు దాని వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. ఆ జాతిలోనే మన దేశపు కొండకొమ్ములపై స్థిరంగా నివసించే రకం షాహీన్. ఇక్బాల్ కవిత్వం చదివిన ఇళ్ళలో ఆ పేరు తెలియనివారుండరు.

ప్రతిరోజూ మనకు కనిపించేవి మాత్రం మరి రెండు. ఒళ్ళంతా ముదురు గోధుమరంగు, చివర కాస్త చీలినట్టున్న తోక ఉంటే అది నల్లగద్ద. తల, రొమ్ము తెల్లగా, మిగిలిన ఒళ్ళు ఇటుక రంగులో ఉంటే అది గరుడ పక్షి. అదృష్టం ఉంటే తీరం వెంబడి సముద్ర గద్ద కనిపిస్తుంది. తెల్లని పొట్ట, బూడిదరంగు రెక్కలు గల ఆ పక్షి రెక్కలు చాచితే ఈ కొస నుండి ఆ కొసకు రెండు మీటర్ల దాకా ఉంటుంది.

తెల్లవారుజామున చేపల రేవుకు వెళితే వీటి సంసారం అర్థమవుతుంది. మరబోట్లు ఒడ్డు చేరి వేలంపాట మొదలయ్యేసరికి గద్దలు మస్తుల మీదా ఐసు గదుల కప్పుల మీదా వరుస కడతాయి. పారవేసిన చేప తలలు, పేగులు నేల మీద కుళ్ళకముందే ఎత్తుకుపోతాయి. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 దాకా వేట నిషేధం అమలులో ఉన్నప్పుడు రేవు బోసిపోతుంది; అప్పుడు మాంసం దుకాణాల వీధులలో గద్దలు ఎక్కువగా తిరగడం మేము గమనించాము. మనం మురికి అని ముక్కు మూసుకొనేదానిని అవి జీతం లేకుండా ఊడ్చిపెడుతున్నాయి.

2014 అక్టోబరు 12న ఈ నగరాన్ని తుఫాను కుదిపివేసింది. దానికి పేరు పెట్టినది ఒమన్ దేశం. ఆ పేరు హుద్‌హుద్, సులైమాన్ ప్రవక్త (అ) గాథలో కబురు తెచ్చిన పక్షి పేరు. పక్షి పేరు గల ఆ గాలి ఒక్కరోజులో వేలాది చెట్లను పడగొట్టి ఎన్నో పక్షులకు గూడు లేకుండా చేసింది. కొంతకాలానికి మా ఇంటికి ఎదురుగా ఉన్న సెల్ టవరు మీద ఒక గద్దల జంట పుల్లలు, వైరు ముక్కలు పేర్చుకొని గూడు కట్టడం చూశాము. చెట్టు పోతే ఇనుము మీద సంసారం పెట్టుకున్నాయి.

తెర మీది గూడు

మా ఇంటి గద్ద చనిపోయిన కొద్ది వారాలకు అమెరికాలో ఉద్యోగం చేసే మా బంధువొకరు పిల్లలకు ఒక లింకు పంపారు. కాలిఫోర్నియా రాష్ట్రంలోని బిగ్ బేర్ అనే కొండ ప్రాంతంలో, సరస్సు సమీపంలోని ఎత్తయిన పైన్ చెట్టుపై తెల్లతల గద్దల గూడున్నది. నేల నుండి సుమారు 145 అడుగుల ఎత్తు. అక్కడి ప్రకృతి ప్రేమికుల సంఘం ఒకటి ఆ గూటి దగ్గర కెమెరా అమర్చి, రాత్రింబవళ్ళు ప్రపంచమంతా చూసేలా ప్రసారం చేస్తున్నది. ఆడపక్షిని జాకీ అనీ, మగపక్షిని షాడో అనీ పిలుస్తారు. 2024లో జాకీ మూడు గుడ్లు పెట్టింది. జంట ఇద్దరూ వంతులు వేసుకొని రెండు నెలల పాటు పొదిగినా ఒక్కటీ పిగలలేదు. 2025 జనవరిలో మళ్ళీ మూడు గుడ్లు. మార్చి మొదట్లో మూడూ పిల్లలయ్యాయి.

అది రమజాన్ నెల. మనం సహరీకి లేచే వేళకు అక్కడ ముందురోజు మధ్యాహ్నం. దాదీ వంటింట్లో రొట్టెలు కాలుస్తుండగా పిల్లలు పళ్ళెం ముందు కూర్చుని ఆ గూటిని చూసేవారు. షాడో సరస్సు నుండి చేప తెచ్చేది. జాకీ దానిని సన్నని పీచులుగా చీల్చి, పెద్ద ముక్కు వంచి, పిడికెడంత లేని పిల్లల నోళ్ళకు అందించేది. అంతటి గోళ్ళు గల పాదాలను గూటిలో ముడుచుకొని, పిడికిలి నేలకు ఆన్చినట్టు నడిచేది. పిల్లలకు గీరుకుంటుందని భయం. దాదీ కూడా రొట్టె తిప్పడం ఆపి చూసేవారు. “తల్లి తల్లే” అనేవారు.

మార్చి మధ్యలో అక్కడ మంచు తుఫాను వచ్చింది. జాకీ, షాడో రాత్రంతా పిల్లలను కప్పుకొని కూర్చున్నాయి. మంచు వాటి వీపు మీద పేరుకున్నది. తెల్లవారేసరికి మూడు పిల్లలలో ఒకటి చనిపోయింది.

మా చిన్నమ్మాయి ఏడ్చింది. “ఇంతమంది చూస్తున్నారు కదా, ఒక్కరైనా ఎక్కి దుప్పటి కప్పరేం?” అని అడిగింది. వేపచెట్టు గద్దను తాకి పోగొట్టుకున్నందుకు ఏడ్చిన పిల్లే, ఈ పిల్లను తాకకుండా పోగొట్టుకున్నందుకు మళ్ళీ ఏడ్చింది. ఈ రెండు ఏడ్పులకూ నడుమ ఉన్న తేడాను ఆమెకు చెప్పవలసిన బాధ్యత మాపై పడింది.

మంచులో ఆ చెట్టెక్కే మనిషిని చూస్తే తల్లి, తండ్రి గూడు విడిచి ఎగిరిపోయేవి. వెచ్చదనం లేక మిగిలిన రెండు పిల్లలూ పోయేవి. కెమెరాను సైతం గుడ్లు పెట్టని రుతువులోనే ఎక్కి సరిచేస్తారు. మంచు, ఆకలి, బలహీనత ఆ గూటికి కొత్తవి కావు. వాటితోనే ఆ జాతి ఇన్ని వేల ఏళ్ళు బ్రతికింది. మిగిలిన ఇద్దరికీ సన్నీ, గిజ్మో అని పేర్లు పెట్టారు. జూన్‌లో అవి రెండూ గూడు విడిచి ఎగిరాయి.

మనిషి చేసిన గాయం

అయితే మనిషి ఎన్నడూ జోక్యం చేసుకోకూడదా? ఆ తెల్లతల గద్దల చరిత్రే దీనికి జవాబు. 1963 నాటికి అమెరికా ప్రధాన భూభాగంలో లెక్కకు వచ్చిన గూళ్ళ జంటలు 417 మాత్రమే. కారణం చలి కాదు, తుఫాను కాదు. పొలాలలోనూ దోమల మీదా మనుషులు చల్లిన డీడీటీ అనే మందు. అది నీటిలో కలిసి, చేపలకు చేరి, చేపలను తిన్న గద్ద ఒంట్లో పేరుకున్నది. గుడ్డు పెంకు పల్చబడి, పొదగడానికి కూర్చున్న తల్లి బరువుకే గుడ్డు చితికిపోయేది. బైరి డేగలకూ ఇదే గతి పట్టింది. 1972లో ఆ దేశం డీడీటీ వాడకాన్ని నిషేధించింది. శాస్త్రజ్ఞులు, సామాన్యులు కలిసి ఏళ్ళ తరబడి గూళ్ళను కాపాడారు. 2007లో తెల్లతల గద్ద అంతరించే జాతుల పట్టిక నుండి బయటికి వచ్చింది.

ఇందులో మాకు ఒక కొలమానం దొరికింది. గాలి, మంచు, ఆకలి వంటి వాటి ద్వారా సృష్టికర్త నడిపే గూటిలో మన చేతికి చోటు లేదు. మన దారం, మన మందు, మన తీగ, మన చెత్త చేసిన గాయాన్ని మాన్పవలసినది మాత్రం మనమే. మొదటి చోట చేతులు కట్టుకోవడం అదబ్. రెండవ చోట చేతులు కట్టుకోవడం అపరాధం.

మన దేశంలోనే దీనికి మరొక సాక్ష్యం ఉన్నది. అముర్ డేగ అనే చిన్న పక్షి బరువు 150 గ్రాములకు అటూ ఇటూ. సైబీరియా, చైనా ప్రాంతాలలో పిల్లలను చేసి, శరత్కాలంలో నాగాలాండ్, మణిపూర్ మీదుగా దక్షిణ భారతాన్నీ అరేబియా సముద్రాన్నీ దాటి ఆఫ్రికా చేరుతుంది. 2012లో నాగాలాండ్‌లోని దోయాంగ్ జలాశయం దగ్గర లక్షకు పైగా డేగలను వలలు వేసి పట్టి చంపుతున్నారని వెల్లడయినప్పుడు దేశం నివ్వెరపోయింది. మరుసటి ఏడాదే పాంగ్టీ తదితర గ్రామాల పెద్దలు వేటను మాన్పించారు. 2013 నవంబరులో మూడు డేగలకు ఉపగ్రహానికి సంకేతాలు పంపే చిన్న పరికరాలు కట్టి విడిచిపెట్టారు. నాగా, వోఖా, పాంగ్టీ అని వాటికి పేర్లు. నిన్నటిదాకా వల విసిరిన ఊరివాళ్ళే తమ ఊరి పేరు గల పక్షి సముద్రం ఎక్కడ దాటిందోనని ఆరా తీశారు.

డేగల మీద వేటమోజు తరతరాలుగా ఉన్న అరబ్బు నేలలోనూ ఈ మార్పు కనిపిస్తుంది. అబూధాబీలో 1999లో డేగల కోసమే ప్రత్యేకంగా ఒక ఆసుపత్రి వెలిసింది. విరిగిన ఈకను తీసి, రాలిన పాత ఈకను అదే చోట అతికే విద్య అక్కడ నేటికీ వాడుకలో ఉన్నది. వేటగాళ్ళు వందల ఏళ్ళ కిందటే దానిని నేర్చుకున్నారు. షేఖ్ జాయెద్ పేరిట 1995లో మొదలైన కార్యక్రమం కింద ఇప్పటిదాకా 2,000కు పైగా డేగలను తిరిగి అడవి ఆకాశానికి విడిచారు. గల్ఫ్‌లో పనిచేసే మన తెలుగు బిడ్డలలో పలువురు ముంజేతి మీద కూర్చున్న డేగను చూసి ఉంటారు. ఆ ముంజేయే దానిని విడిచిపెట్టడం కూడా నేర్చుకున్నదని తెలిస్తే సంతోషిస్తారు.

ఖాలా వేసిన ప్రశ్న

ఈ సంగతులు ఇంట్లో మాట్లాడుకుంటుండగా మా ఖాలా ఒక ప్రశ్న వేశారు. “గద్దను ఇహ్రామ్‌లో ఉన్నవారు కూడా చంపవచ్చని హదీసులో ఉన్నది కదా బేటా. అలాంటి దానికి ఇంత సేవ ఎందుకు?”

ప్రశ్న సరైనదే. హాని చేసే ఐదు ప్రాణులలో కాకి, తేలు, ఎలుక, కరిచే కుక్కలతో పాటు గద్ద ప్రస్తావన కూడా ఉన్నది. మా మొహల్లా మస్జిదు పెద్దలను అడిగాము. వారు చెప్పినది ఇది: అనుమతి వేరు, ఆజ్ఞ వేరు. హాని ఎదురైనప్పుడు దానిని తొలగించుకోవడానికి ఇచ్చిన వెసులుబాటు అది. చెట్టుకు వేలాడుతూ ప్రాణం పోతున్న జీవి ఎవరికీ హాని చేయడం లేదు. పైగా దాని మెడకు చుట్టుకున్న దారం మనది. ఆ ఐదింటిలో కుక్క కూడా ఉన్నది. అయినా దప్పికతో నాలుక చాచిన కుక్కకు బావి నుండి నీరు తోడి తాపిన వ్యక్తికి అల్లాహ్ క్షమాభిక్ష లభించిన వృత్తాంతం మనం పిల్లలకు చెప్పుకుంటూనే ఉన్నాము.

గూటి విషయంలో దైవప్రవక్త (స) చూపిన మార్గం మరింత స్పష్టమైనది. ఒక ప్రయాణంలో సహచరులు ఒక పక్షి గూటి నుండి రెండు పిల్లలను తీసుకున్నారు. తల్లి పక్షి తల్లడిల్లుతూ రెక్కలు కొట్టుకుంటూ వారి చుట్టూ తిరిగింది. దైవప్రవక్త (స) దానిని చూసి, పిల్లల విషయంలో ఆ తల్లిని ఎవరు బాధపెట్టారని అడిగి, వాటిని తిరిగి ఇచ్చివేయమని ఆదేశించారు. అబూదావూద్ సంకలనంలో ఉన్న ఈ వృత్తాంతాన్ని మా చిన్నమ్మాయికి చెప్పినప్పుడు ఆమె కాసేపు ఆలోచించి, “అయితే కెమెరావాళ్ళు ఎక్కకపోవడమే మంచిదయింది” అన్నది.

ఢిల్లీలో ఇద్దరు అన్నదమ్ములు

తెలివితో కూడిన జాలి ఎలా ఉంటుందో చూడాలంటే ఢిల్లీ నగరపు ఉత్తర కొసన ఉన్న వజీరాబాద్‌కు వెళ్ళాలి. నదీమ్ షెహ్‌జాద్, ముహమ్మద్ సవూద్ అనే అన్నదమ్ములు అక్కడ గాయపడిన గద్దలకు చికిత్స చేస్తున్నారు. వారు చిన్నతనంలో పాత ఢిల్లీలో గద్దలకు మాంసపు ముక్కలు విసిరే సదఖాను చూస్తూ పెరిగారు. 2003లో ఒక గాయపడిన గద్ద దొరికితే పక్షుల ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. మాంసం తినే పక్షికి ఇక్కడ వైద్యం చేయమన్నారు. ఆ తిరస్కారం వారి జీవితాన్ని మలుపు తిప్పింది.

వారు వైద్యులు కారు. సబ్బు నీటి డబ్బాలు తయారుచేసే చిన్న వ్యాపారం వారిది. కండలు పెంచే వ్యాయామం చేసిన రోజులలో కండరాలు, స్నాయువుల గురించి చదివినది రెక్క కుట్టడానికి పనికివచ్చింది. ఇంటి నేలమాళిగలోనే అట్టపెట్టెలలో పక్షులను ఉంచి చికిత్స చేశారు. 2010లో వైల్డ్‌లైఫ్ రెస్క్యూ అనే సంస్థగా ఏర్పడ్డారు. వారి చేతుల మీదుగా చికిత్స పొందిన పక్షులు 20,000 దాటాయి. షౌనక్ సేన్ వారి పై తీసిన ఆల్ దట్ బ్రీద్స్ అనే డాక్యుమెంటరీ 2022లో సన్‌డాన్స్‌లోనూ కాన్‌లోనూ బహుమతులు పొంది, ఆ తరువాత ఆస్కార్ తుదిపోటీకి ఎంపికయింది.

బహుమతులు గొప్పవే. కాని మాకు అంతకంటె గొప్పగా తోచినది, ఆ సోదరులు గద్దను పెంపుడు పక్షిగా చేసుకోకపోవడం. గాయం మానగానే పైకప్పు లేని జాలీగదిలో వదులుతారు. రెక్కలో బలం వచ్చిన రోజున అది తనంతట తాను వెళ్ళిపోతుంది. కృతజ్ఞత చెప్పదు, వెనుదిరిగి చూడదు. ప్రతిఫలం ఆశించని సేవ అంటే ఏమిటో అంతకంటె సూటిగా చెప్పే పాఠం మాకు తెలియదు.

మన ఇళ్ళు ఏం చేయగలవు

గాయపడిన గద్దగాని డేగగాని కనిపిస్తే ముందుగా దానిపై మందపాటి తువాలు కప్పాలి. కళ్ళకు చీకటి కమ్మితే దాని భయం తగ్గుతుంది. ప్రమాదం ముక్కు కంటె గోళ్ళతోనే ఎక్కువ కనుక కాళ్ళను జాగ్రత్తగా పట్టుకోవాలి. గాయంలోకి దిగిన దారాన్ని లాగరాదు. రెండు వైపులా కత్తెరతో కత్తిరించి మిగిలినది వైద్యులకు వదలాలి. గాలి ఆడే రంధ్రాలున్న అట్టపెట్టెలో గుడ్డ పరచి ఉంచి, మూత వేసి, చప్పుడు లేని చోట పెట్టాలి. నీళ్ళు పోయరాదు, పాలు, అన్నం పెట్టరాదు, పిల్లలను చుట్టూ చేర్చరాదు, ఫొటోల కోసం మూత తీయరాదు. వెంటనే అటవీ శాఖకు తెలియజేయాలి. కంబాలకొండ అంచున 1977 నుండి ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల ఉన్నది. 1996 నుండి విశాఖ సొసైటీ ఫర్ ప్రొటెక్షన్ అండ్ కేర్ ఆఫ్ యానిమల్స్ పనిచేస్తున్నది. దారి చూపేవారు నగరంలోనే ఉన్నారు.

గూటి నుండి దిగి నేల మీద కూర్చున్న ఈకలు వచ్చిన పిల్ల కనిపిస్తే తొందరపడి ఇంటికి తేరాదు. ఎగరడం నేర్చుకునే రోజులవి. తల్లి సమీపంలోనే ఉండి తిండి అందిస్తూ ఉంటుంది. కుక్కలు, వాహనాల ప్రమాదం ఉంటే పక్కనున్న గోడ మీదనో కొమ్మ మీదనో ఉంచి దూరంగా జరగాలి. మనిషి చేతిలో పెరిగిన పిల్ల మనిషికి భయపడడం మరచిపోతుంది, వేట నేర్చుకోదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం గద్దలను, డేగలను పట్టడం, పెంచడం, అమ్మడం నేరం కూడా.

ఇక గాయమే కలగకుండా చూసుకోవడం అన్నింటికంటె మేలు. నైలాన్ మాంజాను, గాజుపొడి పూసిన దారాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 జూలైలోనే దేశమంతటా నిషేధించింది. అయినా సంక్రాంతి వచ్చేసరికి ఆ చరఖాలు దుకాణాలలో వేలాడుతూనే ఉంటాయి. ఇంగ్లీషులో గద్దకూ గాలిపటానికీ ఒకటే పేరు, కైట్. మన పిల్లల కైట్ ఆకాశంలోని కైట్ గొంతు కోయకుండా చూడడం తల్లిదండ్రుల పని. మామూలు నూలు దారంతో ఎగిరే పతంగి కూడా పతంగే. ఆట ముగిశాక చెట్లకూ తీగలకూ చిక్కిన దారాన్ని పిల్లల చేతనే ఏరించి చుట్టించాలి.

బక్రీద్ నాడు మరొక బాధ్యత ఉన్నది. ఖుర్బానీ వ్యర్థాలను సంచులలో కట్టి ఖాళీ స్థలాలలో పడవేస్తే గద్దలు గుంపులుగా దిగుతాయి. విమానాలు దిగే దారికి దగ్గరలో అది పక్షులకూ ప్రయాణికులకూ ప్రమాదం. వాటిని నగరపాలక సంస్థ బండికి అప్పగించడమో, లోతుగా గొయ్యి తీసి పూడ్చడమో చేయాలి. శుభ్రత విశ్వాసంలో భాగమని నేర్చుకున్న మనం ఈ ఒక్క రోజు దానిని మరువరాదు.

రెండవ గద్ద

ఈ ఏడాది సంక్రాంతి మరునాడు అదే వేపచెట్టుకు మరొక గద్ద చిక్కుకున్నది. ఈసారి ఎవరూ కేకలు వేయలేదు. చిన్నమ్మాయి లోపలికి పరుగెత్తి తువాలు, కత్తెర తెచ్చింది. దాదీ తమ కొత్త మిక్సీ పెట్టెను ఖాళీ చేసి ఇచ్చారు. పెద్దబ్బాయి దానికి రంధ్రాలు పొడిచాడు. అటవీ శాఖ సిబ్బంది వచ్చేదాకా పెట్టె మేడమెట్ల కింది చీకటిలో ఉన్నది. ఇంట్లో టీవీ కూడా పెట్టలేదు. దాదీ ఈసారి కూడా ఆయతుల్ కుర్సీ చదివారు, అయితే తలుపు ఇవతల కూర్చుని.

ఏడు వారాల తరువాత దానిని మా వీధికే తెచ్చి విడిచిపెడుతున్నామని కబురు వచ్చింది. మేడ మీద పెట్టె మూత తీశారు. అది కొన్ని క్షణాలు కదలలేదు. తరువాత అంచు మీదికి ఎక్కి, ఒళ్ళు విదిల్చుకొని, కుడి రెక్కను ఒకసారి సగం చాచి ముడిచి, ఎగిరింది. మొదట కాస్త కిందికి జారి మా గుండెలు ఆగినంత పని చేసింది. ఆ వెంటనే గాలి అందుకొని రేవు వైపు తేలిపోయింది. అక్కడ కాలువ మీద పదిహేనో ఇరవయ్యో గద్దలు తిరుగుతున్నాయి. వాటిలో కలిసిపోయింది.

“మనది ఏది?” అని చిన్నమ్మాయి కళ్ళమీద చెయ్యి అడ్డం పెట్టుకొని వెదికింది.

ఏదీ మనది కాదని చెప్పాము. ఆమె తల ఊపి, అయినా మగ్రిబ్ అజాన్ దాకా చూస్తూనే నిలబడింది.

ఆకాశంలో వాటిని నిలిపి ఉంచుతున్న ఆ కరుణామయుడు, చెయ్యి చాపవలసిన చోట చాపే ధైర్యాన్నీ, చాపకూడని చోట ఆగే వివేకాన్నీ మనకూ మన సంతానానికీ ప్రసాదించుగాక. ఆమీన్.